బురుజు గదిలో చిన్న రసాలు

మా ఊరి బురుజు తాడిచెట్టంత ఎత్తుండేది. దాని మీదికెక్కి నిలబడితే తూర్పున ఏలూరు కాలవలో పడవల తెరచాపలు, పడమర బెజవాడ కొండ మీద దీపాలు కనిపించేవి. మా మనవలకి చాలా ఏళ్ళు ఇలాగే చెప్పాను. వాళ్ళు బళ్ళో మైళ్ళు లెక్కకట్టడం నేర్చుకున్నాక నా పప్పులు ఉడకలేదు. కనక ఇప్పుడు నిజం చెబుతాను. బురుజు ఎత్తు రెండు నిలువులు. ఎక్కితే కనపడేది పక్కింటివాళ్ళ పెరడు, అందులో మంచం మీద ఆరబోసిన వడియాలు. ఆ వడియాల రుచి గురించి మాత్రం నేనేం చెప్పినా తక్కువే.

నూజివీడు వచ్చినవాళ్ళకి ఇప్పుడూ చూపిస్తాను దాన్ని. ఒకపక్క సెల్‌ఫోన్ల కొట్టు, ఒకపక్క టిఫిన్ సెంటరు, మధ్యలో ఎర్రరాతి ముద్దలా అది. ఇడ్లీ తింటున్న కుర్రాళ్ళు తమ బళ్ళని దానికి ఆనించి పెడతారు. ఎప్పటిదండీ అంటే ఎవరికీ తెలీదు. తెలియకపోబట్టే మా ఊళ్ళో అందరికీ తెలుసు. కాకతీయులదని ఒకరు, రెడ్డి రాజులదని ఒకరు. పాండవులు అజ్ఞాతవాసంలో ఓ పూట ఆగి వంట చేసుకున్నారని మా పురోహితుడు. నా మటుకు నేను ఎదుటి మనిషిని బట్టి చెబుతాను. పొరుగూరి వాళ్ళకైతే ఐదువందల ఏళ్ళు, బెజవాడ వాళ్ళకి వెయ్యి, మద్రాసు నుంచి దిగినవాళ్ళకి రెండు వేలు. దూరం నుంచి వచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పంపకూడదు కదా.

ఒకప్పుడు దాని రెండువైపులా కోటగోడ ఉండేదట. నాకు ఊహ తెలిసేసరికే ఆ గోడ ఊళ్ళోకి నడిచి వచ్చేసింది. ఒక ఇంట్లో నూతి చప్టాగా, ఒక ఇంట్లో గేదెల కొట్టంలో పరుపుగా, మా ఇంట్లో వీధి మెట్టుగా కుదురుకుంది. ఊరు పెరగాలంటే రాయి కావాలి, ఆ రాయి కోటలో ఉంది. మిగిలింది ఈ బురుజు, దాని పొట్టలో ఒక గది. ఆ గది మా మేనత్తది.

ఆవిడదంటే ఆవిడ పేరు మీద ఉన్నదని కాదు. ఆవిడ చేతిలో ఉందంతే. మా అత్తకి చిన్నతనంలోనే పసుపుకుంకాలు పోయాయి. మాది వర్తకం చేసుకునే ఇల్లు. మా నాన్న, అంటే ఆవిడ అన్నగారు, కిరాణా కొట్టు చూసుకునేవాడు. అలాంటి ఇంట్లో భర్త పోయిన ఆడపిల్ల అన్నగారి వంటింట్లోకి చేరుకుని, వదినగారి కనుసన్నల్లో పప్పు రుబ్బుకుంటూ ముసలిది కావాలి. మా అత్త అలా చెయ్యలేదు. బురుజుకి ఎదురుగా ఒక చిన్న వాటా అద్దెకి తీసుకుని, గబ్బిలాలు కాపరమున్న ఆ గదిని ఊడ్పించి, ఒక తలుపు పెట్టించుకుని, మామిడికాయలు మాగేసి పళ్ళు అమ్మడం మొదలుపెట్టింది.

మా ఊరి మామిడి వర్తకులు అప్పట్లో పచ్చికాయనే బుట్టల్లో సర్ది స్టేషనుకి తోలేవారు. పండు సంగతి పండు తినేవాడే చూసుకోవాలి. మా అత్త అలాక్కాదు, పండించి అమ్ముతుంది. అందుకు ఆ గదే కావాలి. పెంకుటింట్లో వేస్తే ఎండకి కాయ ఉడికిపోతుంది. రేకుల షెడ్డులో వేస్తే మచ్చ పడుతుంది. పూరిపాకలో ఎలకలు. బురుజు గోడ మాత్రం నాలుగు బారల మందం... సరే, ఒక బార. పగటి వేడి లోపలికి రాదు, రాత్రి చలీ రాదు. అందులో మాగిన చిన్న రసం మామిడి తొడిమ నుంచి ముక్కు దాకా ఒకే రంగులో పండేది. కోట కట్టిన మహానుభావులు శత్రువుల కోసం కట్టారో, మా అత్త కాయల కోసం కట్టారో నాకు అప్పుడప్పుడూ అనుమానం వచ్చేది.

కాయ మాగేసిన గది బాలింత గదితో సమానమని మామిడి పనివాళ్ళలో ఒక మాట. వరిగడ్డి పరిచి దాని మీద కాయ, మళ్ళీ గడ్డి, మళ్ళీ కాయ. ఇలా నడుం ఎత్తు దాకా పేర్చి తలుపు వేశారంటే, పండే వరకూ తియ్యకూడదు. మధ్యలో తీస్తే లోపలి ఆవిరి పోయి కాయ అలుగుతుంది. ఒక బుగ్గ పండుతుంది, ఒక బుగ్గ పండదు. చెప్పులతో ఆ దరిదాపులకి రాకూడదు. గుమ్మం మీద వేపమండలు కట్టాలి, పురుగు రాకుండా. గడపకి ముద్దగా పసుపు రాయాలి, చీమ దాటకుండా. సాయంత్రం మూకుట్లో సాంబ్రాణి పొగ వెయ్యాలి, ఈగలు ముసరకుండా. మా అత్త ఒంటి మీద లేని పసుపు ఆ గడప మీద ఏడాదికి నాలుగు నెలలు ఉండేది. తలుపు దగ్గర నోరెత్తి మాట్లాడకూడదని కూడా ఒక నియమం. అది దేనికో నాకు ఇప్పటికీ తెలీదు. కాయకి చెవులుండవు కదత్తా అంటే, నీకున్నాయి కదా, ఏం లాభం అంది.

నేను ఆవిడ దగ్గరికి ఎలా చేరానంటే, ఇంటర్మీడియెట్ పరీక్షకీ నాకూ పడక. మా నాన్న కొట్లో కూర్చోబెట్టాడు. బెల్లం దిమ్మ తరిగిపోతోందని కనిపెట్టి, మామిడికాయలైతే పచ్చివి కాబట్టి తినడనుకుని అత్తకి అప్పజెప్పాడు. అప్పటికి నాకు ఇరవై దాటి మీసం వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చి ఎంతో కాలం కాలేదు. జమీందారీలు పోతాయని, పోయాయని, పోలేదని అరుగుల మీద రోజూ పేపరు చదువుకునేవారు.

ఆ రోజుల్లోనే ఊళ్ళోకి లారీలు రావడం మొదలైంది. ఎడ్లబండి స్టేషనుకి వెళ్ళొచ్చేలోపు లారీ రెండుసార్లు తిరిగొస్తుంది. అయితే బజారు నుంచి తోటల వైపు పోయే దారిలో బురుజు అడ్డం. బండి ఒరుసుకుంటూ పోయేది గానీ లారీ పట్టదు. వర్తకులంతా కలిసి, అందులో మా చుట్టాలే ముందుండి, రోడ్డు వెడల్పు చేయించాలని తీర్మానించారు. బురుజు కొట్టేస్తే అడ్డమూ పోతుంది, ఆ రాయి పగలగొట్టి అదే రోడ్డు మీద పరుచుకోవచ్చు. ఇంత చక్కటి లెక్క మా ఊళ్ళో అంతకుముందెప్పుడూ కుదరలేదని అందరూ ఒకరి తెలివిని ఒకరు మెచ్చుకున్నారు.

మా అత్త పెద్దమనుషుల అరుగులన్నీ తిరిగింది. అందరూ కూర్చోమన్నారు, మజ్జిగ ఇచ్చారు, ఇంకెక్కడైనా గది చూసుకోమ్మా అన్నారు. అంతకుముందు ఒక ఏడు వానకి గది కురిసి, రెండుచోట్ల వేసి చూసిందావిడ. సగం కాయ పారబోసింది. ఆ ముక్క చెబితే, మామిడికాయ కోసం ఊరి రోడ్డు ఆపమంటావా అన్నారు. రోడ్డు వేస్తున్నదీ మామిడికాయ కోసమేనని ఎవరికీ తోచలేదు. మా నాన్న మాత్రం నిజంగానే బాధపడి, మా ఇంటికి వచ్చెయ్యవే, నీకింత ముద్ద పెట్టలేనా అన్నాడు. ఆ మాటతో అత్త మొహం పాలిపోయింది. బయటికొచ్చాక నాతో అంది:

"ఆ గది పోతే నేను మీ అమ్మ వంటింట్లో కూర్చోవాలిరా అబ్బాయ్. మీ అమ్మ మంచిదే, నేనూ మంచిదాన్నే. ఒక పొయ్యి దగ్గర ఇద్దరు మంచివాళ్ళు పట్టరు."

రోడ్డు కాంట్రాక్టరు మరీ చెడ్డమనిషేం కాదు, తొందరమనిషి. నెత్తిన టోపీ, కింద సైకిలు, నోట్లో వానలు ముంచుకొస్తున్నాయన్న మాట. ముగ్గుపిండి సంచీ పట్టించుకుని ఊరి నడిమధ్య నుంచి తిన్నగా గీత గీయించుకుంటూ వచ్చాడు. ఆ గీత సరిగ్గా మా అత్త గడప మీదుగా పోయింది. అత్త బతిమాలితే, బురుజు ఆఖర్న కొడతాలెమ్మా, ఈలోపు నీ కాయ పండించుకో అన్నాడు. ఆ మాట నమ్మి ఆవిడ ఆగిరిపల్లి తోట నుంచి ఆ ఏటి కాయలో మంచి కాయంతా దింపించింది, అన్నీ చిన్న రసాలు. మూడు బళ్ళ కాయ గదిలో పేర్చి, తలుపు వేసి, వేపమండలు కట్టి, పసుపు రాసి, నన్ను గుమ్మం ముందు చాప మీద కాపలా పెట్టి, మిగిలిన కోత చూసుకోడానికి మళ్ళీ తోటకి వెళ్ళింది.

కాంట్రాక్టరుకి మధ్యలో రాయి చాల్లేదు. ఆఖర్న అన్నవాడు ముందే మనుషుల్ని పంపేశాడు.

ఆ పొద్దున జరిగింది నేను చాలా చోట్ల చాలా రకాలుగా చెప్పాను. నలభై మంది గడ్డపారలతో వస్తుంటే, రెండు చేతులూ చాచి గుమ్మానికి అడ్డంగా నిలబడి, నన్ను పొడిచి లోపలికెళ్ళండిరా అన్నానని నా పెళ్ళిచూపుల్లో కూడా చెప్పాను. మా ఆవిడ అందుకే ఒప్పుకుందని నా నమ్మకం. వచ్చింది పదిమంది, వాళ్ళలో సగం ఆడవాళ్ళు. నేను పడుకుని ఉన్నాను. నోరు తెరుచుకుని ఉంది. చెంప కింద చాప తడిసింది.

వాళ్ళు చింతలపూడి వైపు నుంచి వచ్చిన రాళ్ళు కొట్టే పనివాళ్ళు. వాళ్ళ పెద్ద ఒక సన్నటి, పొడుగాటి మేస్త్రీ. పాత కట్టడం మీద చెయ్యి వేసే ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూడటం వాళ్ళ పద్ధతి. పుట్టలున్నాయా, బొమ్మలున్నాయా, ఎవరైనా మొక్కే చోటా అని చూసుకుంటారు. ఆ మేస్త్రీ తిరిగొచ్చి గుమ్మం ముందు ఆగాడు. ఆయనకి కనిపించింది ఇది: పాతకాలపు రాతి కట్టడం, మూసిన తలుపు, తలుపు మీద వేపమండలు, గడప నిండా పసుపు, మూకుట్లో సాంబ్రాణి, గుమ్మం ముందు కటికనేల మీద, అంటే చాప మీద, ఒళ్ళు తెలియకుండా పడున్న ఒక మనిషి.

నాకు మెలకువ వచ్చేసరికి అందరూ చెప్పులు విడిచి దూరంగా నిలబడి ఉన్నారు. మేస్త్రీ వంగి గుసగుసగా అడిగాడు:

"లోపల ఏ తల్లండీ?"

నేను అష్టోత్తరం చదివి వినిపించానని కొందరితో అన్నాను. చదవలేదు, నాకు రాదు. తలుపు దగ్గర మాట్లాడకూడదన్న అత్త నియమం ఒక్కటే నిద్రమత్తులో గుర్తొచ్చి, వేలు పెదాల మీద పెట్టుకున్నాను. అంతే. దాంతో వాళ్ళు ఇంకో అడుగు వెనక్కి వేశారు. ఎవరో వెళ్ళి కొబ్బరికాయ తెచ్చారు. మేస్త్రీ భార్య గడప మీది పసుపుకి వరసగా కుంకం బొట్లు పెట్టింది. మేస్త్రీ కాయ కొట్టి, మోకాళ్ళ మీద వంగి దణ్ణం పెట్టాడు. ఇంత జరిగాక నేను నోరు విప్పి ఇవి మామిడికాయలండీ అంటే బాగుండదనిపించింది. లేచి బాసింపట్టు వేసుకుని కళ్ళు మూసుకున్నాను. మధ్యలో ఒక కన్ను తెరిచి చూస్తే, గడ్డపారలు భుజాన వేసుకుని వెళ్ళిపోతున్నారు. కొబ్బరిచెక్క ఒకటి నా ముందే వదిలేశారు. లేతగా ఉంది.

మధ్యాహ్నం అత్త బండి దిగి, కుంకం బొట్లు, కొబ్బరి పీచు చూసి, ఏంట్రా ఇది అంది. చెప్పాను. బండి చక్రం పట్టుకుని నవ్వింది. ఎద్దులు బెదిరేంతగా నవ్వి, బండివాడు మంచినీళ్ళు తెచ్చిస్తే తాగి, ఉన్నట్టుండి ఆపేసింది.

"సరే, వాళ్ళు మొక్కారు. ఇప్పుడు నా తలుపు నేను తీసుకోవచ్చంటావా?"

దాని గురించి నేను ఆలోచించలేదు.

మర్నాటికి పనివాళ్ళ ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు పోశారు. ఆ పై రోజు మా వీధి ఆడవాళ్ళు, తామెందుకు వెనకబడాలని, చలిమిడి చేసి తెచ్చారు. మా వీధి చివర ఒక ముసలాయన ఉండేవాడు, కోతల్లో నాకంటే నాలుగాకులు ఎక్కువ చదివినవాడు. బురుజులో అమ్మవారున్న సంగతి మా తాత చెప్పగా విన్నాను, మా తాత అందెల చప్పుడు విన్నాడు అన్నాడు. మొదటి రోజు చప్పుడే. రెండో రోజుకి ఆయన తాత అందెలు కూడా చూశాడు. మూడో రోజుకి అమ్మవారు ఆయన తాతని పేరు పెట్టి పిలిచింది. జీవితంలో మొదటిసారి నేను నోరు మూసుకుని ఒక మనిషి దగ్గర విద్య నేర్చుకున్నాను.

చివరికి పెద్దమనుషులూ వచ్చారు. అమ్మవారుంటే జాతర, జాతరంటే కొట్లు, కొట్లంటే రాబడి అని లెక్క చూసుకున్నారు. రోడ్డు కొంచెం పక్కనుంచి పోతే పోయిందిలే అన్నారు. అమావాస్య వెళ్ళాక పురోహితుడి చేత మంచిరోజు పెట్టించి తలుపు తెరుద్దామని, అందాకా ఎవరూ ముట్టుకోకూడదని ఒక పహిల్వాన్‌ని కాపలా పెట్టారు. మా అత్త గదికి మా అత్తనే దూరంగా ఉండమన్నారు. అంతటితో ఆగితే బాగుండేది. శుభమా అని తలుపు తెరిచేటప్పుడు నువ్వు ఎదురుగా లేకుండా చూసుకోమ్మా అని కూడా ఒకాయన మెల్లిగా, మర్యాదగానే చెప్పాడు. అత్త తలాడించి వచ్చేసింది. ఆ పూట అన్నం తినలేదు.

ఈలోగా కాయ పండటం మొదలైంది. చిన్న రసం సంగతి మీకు తెలుసుగా. అది గుట్టుగా ఉండే పండు కాదు. తలుపు సందుల్లోంచి వాసన వీధిలోకి వచ్చి, మలుపు తిరిగి, బజారు దాకా వెళ్ళింది. జనం కళ్ళు మూసుకుని పీల్చి, అమ్మవారు సంతోషంగా ఉంది అన్నారు. మామిడి వాసనలోనే పుట్టి, మామిడి వాసనలోనే ముసలివాళ్ళయిన మనుషులు వాళ్ళు. కొట్టేసే గదిలో అత్త ఈ ఏడు కాయ వెయ్యదని అందరి లెక్క. ఒక్కడికీ అనుమానం రాలేదు. నిజానికి ఎండాకాలం మా ఊళ్ళో మామిడి వాసన రాని చోటు లేదు గనకే రాలేదేమో. కాంట్రాక్టరు మాత్రం బందరు వైపు మనిషి. సైకిలు దిగి రెండుసార్లు ముక్కు ఎగబీల్చి, అనుమానంగా నన్ను చూసి వెళ్ళాడు.

మా అత్త వీధికి అవతల అరుగు మీద కూర్చుని గాలి తన వైపు తిరిగినప్పుడల్లా తల ఎత్తేది. ఒక సాయంత్రం అంది:

"రేపటికి పండు. ఎల్లుండికి తాండ్ర. ఆ పైన ఎరువు."

నేను బతిమాలాను. ఈ ఒక్క సరుకూ పోతే పోనీ అత్తా, నోరు మూసుకుందాం, గదైనా మిగులుతుంది, ఇంక దాని జోలికి ఎవడూ రాడు అన్నాను. అత్త నా వైపు చూడలేదు.

"గది మిగుల్తుంది. అందులో అమ్మవారుంటుంది, పూజారి ఉంటాడు, హుండీ ఉంటుంది. నేనెక్కడుంటాన్రా?"

నిజం చెబితే మర్నాడే బురుజు కొట్టేస్తారు. చెప్పకపోతే బురుజు ఉంటుంది, అత్త ఉండదు. ఎటు చూసినా దారి మా అమ్మ వంటింట్లోకే పోతోంది. చివరికి అత్తే అంది, ఎటూ వెళ్ళేదే అయితే కాయ కుళ్ళబెట్టుకుని వెళ్ళడం దేనికి, అమ్ముకుని వెళతాను అని. మా నాన్నకి కబురు పెట్టింది, పొద్దున్నే బండి పంపమని. పెట్టె సర్దుకుంది.

మర్నాడు పొద్దున నేను పహిల్వాన్‌ని ఒక్క తోపు తోసి అత్తకి దారి చేశాను. ఇది కూడా అబద్ధమే. ఆవిడ నడిచి వస్తుంటే వాడే లేచి పక్కకి తప్పుకున్నాడు. చిన్నప్పుడు ఆవిడ చేతి పళ్ళు తిని పెరిగినవాడు, ఎదురు నిలబడాలంటే వాడికీ సిగ్గే. నేను చేసిందల్లా వెనక పెట్టె మోసుకు రావడం. అప్పటికే వీధిలో బిందెలతో ఆడవాళ్ళున్నారు, అరుగు మీద పెద్దమనుషులున్నారు, అవతల గోడ దగ్గర పనివాళ్ళున్నారు. కాంట్రాక్టరు సైకిలు స్టాండు వేస్తున్నాడు. అత్త గడప ముందు నిలబడి, ఎవర్నీ ప్రత్యేకంగా చూడకుండా, పళ్ళు బేరం చెప్పే గొంతుతోనే చెప్పింది:

"ఇందులో ఏ తల్లీ లేదు. నేను కాయ మాగేసుకున్నాను. మండలు పురుక్కి, పసుపు చీమకి. మీరంతా మొక్కుతుంటే ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. ఇప్పుడు పండింది, తీసుకుంటున్నాను."

చలిమిడి పళ్ళెం పట్టుకున్న ఒకావిడ దాన్ని ఎవరికివ్వాలో తెలియక కొంగుతో కప్పుకుంది. మా వీధి చివర ముసలాయన ఒక్కడే తడుముకోలేదు. మా తాత మామిడికాయలని కూడా అన్నాడు, నాకే గుర్తు లేకపోయింది అన్నాడు.

కాంట్రాక్టరు మొహం వెలిగిపోయింది. మేస్త్రీని పిలిచి, విన్నావుగా, ఆవిడ సరుకు బయట పెట్టుకోనిచ్చి పని మొదలెట్టు అన్నాడు. అత్త తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసి అలాగే ఆగింది. మేస్త్రీ భుజం మీద తుండు తీసి చేతిలో పట్టుకున్నాడు. కదల్లేదు.

"మొక్కామండి," అన్నాడు.

"దేనికి మొక్కావయ్యా, మామిడికాయలకా?"

"దేనికైనా మొక్కామండి. కాయ కొట్టాం, కుంకం పెట్టాం. దణ్ణం పెట్టిన చేత్తో అదే చోట గడ్డపార ఎత్తితే ఇంక ఆ చెయ్యి దేనికండీ?"

"లోపల అమ్మవారు లేదని ఆవిడే చెబుతోంటే."

"ఉన్నదీ లేనిదీ ఆవిడ చూసుకుంటుందండి. మొక్కింది మేం."

ఇందులో కోపం లేదు, మొండితనమూ లేదు. ఎండగా ఉందండీ అన్నట్టు చెప్పాడు. కాంట్రాక్టరు వేరే మనుషుల్ని తెచ్చుకుంటానన్నాడు. తప్పకుండా తెచ్చుకోండి అన్నాడు మేస్త్రీ, ఆ చుట్టుపక్కల ఈ పని చేసేవాళ్ళంతా మా బావమరుదులే, వాళ్ళు వస్తే ముందు మా దగ్గరే భోంచేస్తారు అని కూడా అన్నాడు. వెనక ఆడవాళ్ళు నవ్వారు. కాంట్రాక్టరు తల ఎత్తి ఆకాశం కేసి చూశాడు. పడమటి వైపు ఒక మబ్బు నిజంగానే ఉంది. పెద్దమనుషుల కేసి చూశాడు. రోడ్డు పక్కనుంచి పోయినా పరవాలేదని వాళ్ళు నాలుగు రోజుల క్రితమే తలూపి ఉన్నారు. జాతర పోయింది కదా అని ఇప్పుడా తల వెనక్కి తిప్పుకుంటే, లేని అమ్మవారికి తామూ మొక్కామని ఒప్పుకున్నట్టవుతుంది. అందరూ ఒకేసారి కండువాలు సర్దుకున్నారు. కాంట్రాక్టరు బూటుకాలితో గడప దగ్గర ముగ్గు గీతని చెరిపి, సంచీ తెమ్మని కేకేశాడు.

కొత్త గీత బురుజుని చుట్టి, వంకరగా పోయింది. తిన్నగా గీయలేక కాదు, ఉక్రోషం కొద్దీ ఆయన వెనక్కి చూడకుండా పిండి పోసుకుంటూ పోయాడు.

అత్త గొళ్ళెం తీసింది. తలుపు తెరుచుకోగానే వెచ్చటి గాలి ఒక్కసారి మొహాలకి కొట్టింది. జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు ఆవిడ గడ్డిలోకి చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, పైవరసంతా తడిమింది. పైన మూడు వరసలు బంగారం. అడుగు వరసలు ఆలస్యానికి మెత్తబడిపోయాయి. నష్టం నష్టమే, దాన్ని నేను పెంచనూ తగ్గించనూ. మంచివి బుట్టలకెక్కాయి. ఎవరో ప్రసాదం అని చెయ్యి చాపబోతే, ప్రసాదం కాదమ్మా, సరుకు అంది అత్త. మేస్త్రీ వాళ్ళకి మాత్రం ఒక బుట్ట తనే మోసుకెళ్ళి ఇచ్చింది. మేస్త్రీ ఒక పండు తీసుకుని కళ్ళకద్దుకున్నాడు.

"అమ్మవారు కాదని చెప్పాను కదయ్యా, ఇంకా కళ్ళకద్దుకుంటావేంటి?"

"తిండి కదమ్మా," అని, పండుని రెండు చేతుల మధ్య నిదానంగా పిసికి, ముక్కు దగ్గర చిన్నగా కొరికి, కళ్ళు మూసుకుని జుర్రుకున్నాడు. ఆయన చాలాసేపు కళ్ళు తెరవలేదు.

అప్పుడొచ్చింది మా నాన్న పంపిన బండి. అత్త పెట్టె ఎక్కించబోతున్న నన్ను ఆపి, అడుగు వరసల్లో మెత్తబడ్డ పళ్ళన్నీ అందులోకి ఎత్తించింది. బండి నిండింది. మీ అమ్మకి చెప్పు, మనిషి రాలేదు, తాండ్రకి సరుకొచ్చిందని అంది.

మా అమ్మ ఆ పొద్దున్నే వంటింట్లో ఒక మూల ఖాళీ చేసి, పీట వేసి, చెంబూ కంచం విడిగా పెట్టి ఉంచింది. బండి చప్పుడు విని వీధిలోకొచ్చింది. పళ్ళ కేసి చూసి, నా కేసి చూసి, మనిషేదిరా అంది. జరిగింది చెప్పాను, అప్పుడు మాత్రం ఒక్క ముక్క పెంచకుండా. ఆవిడ గుమ్మం పట్టుకుని, లోపల్నుంచి ఏదో దిగిపోయినట్టు పెద్దగా ఊపిరి వదిలింది. ఆ రోజు మా పెరట్లో, డాబా మీద, పక్కింటి గోడ మీద కూడా తాండ్ర పరిచాం... సరే, రెండు చాపలు. పరిచింది మా అమ్మే, మోచేతుల దాకా రసంతో. నేను ఈగల్ని తోలుతుంటే, చాప మీంచి తలెత్తకుండానే అంది:

"ఎండాక మీ అత్తని రమ్మను. తిని వెళ్ళడానికే."